స్కేల్ ఫ్యాక్టర్ మార్చే ముందు చూసుకోవలసినవి

సెన్సార్ నుంచి వచ్చే పల్సులను లెక్కపెట్టి పొడవుగా చూపే పరికరం కౌంటర్. ఒక్కో పల్సుకు ఎంత పొడవో దానికి చెప్పే అంకె స్కేల్ ఫ్యాక్టర్. కౌంటర్ చూపే పొడవుకీ టేపుతో కొలిచిన పొడవుకీ పొంతన లేదనగానే చేతులు స్కేల్ ఫ్యాక్టర్ మీదకే పోతాయి. అక్కడే ఆగండి. తేడా ప్రతిసారీ ఒకే నిష్పత్తిలో వస్తోందో లేదో ముందు తేల్చుకోవాలి. 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు, 100 మీటర్లకు ఒక మీటరు తగ్గితే అది ఫ్యాక్టర్‌తో సరిపోయే తేడా. ప్రీసెట్ (ఎంత పొడవు దగ్గర ఆగాలో ముందే పెట్టే అంకె) 10 పెట్టినా 100 పెట్టినా ముక్క 20 సెంటీమీటర్లే ఎక్కువ వస్తుంటే, ఆగమన్నాక లైన్ ముందుకు సాగిన దూరమది. ఒకసారి ఎక్కువ, ఇంకోసారి తక్కువ వస్తోందంటే పల్సులు పోతున్నట్టో, నాయిస్ (విద్యుత్ అలజడి) వల్ల లేనివి చేరుతున్నట్టో, కొలిచే చక్రం జారుతున్నట్టో అనుకోవాలి. రాని పల్సును ఏ ఫ్యాక్టరూ తీసుకురాలేదు. ఇవాళ సర్దినా రేపు స్పీడు మారగానే మళ్లీ తప్పుతుంది.

అందుకే ఇన్‌పుట్ సెట్టింగులే ముందు చూడాలి. మెకానికల్ స్విచ్ అదురుతో వచ్చే దొంగ పల్సులను ఆపడానికి పెట్టే డీబౌన్స్ ఫిల్టర్ ఎన్‌కోడర్ (షాఫ్ట్ తిరిగేకొద్దీ పల్సులిచ్చే సెన్సార్) ఇన్‌పుట్ మీద ఆన్‌లో ఉండిపోతే సగానికి సగం పల్సులు మింగేస్తుంది. వచ్చే ఫ్రీక్వెన్సీని లెక్కగట్టండి: 1500 ఆర్‌పీఎం షాఫ్ట్ మీద 1000 పీపీఆర్ (చుట్టుకు 1000 పల్సులిచ్చే) ఎన్‌కోడర్ ఉంటే సెకనుకు 25,000 పల్సులు. కౌంటర్ 10 కిలోహెర్ట్జ్ వరకే పనిచేసేదైతే మిగతా పల్సులు లెక్కకు రావు. రెండు ఛానళ్ల ఎన్‌కోడర్ అయితే కౌంటర్ ఒకటికి ఒకటి లెక్కిస్తోందా, రెండింతలా, నాలుగింతలా అన్నదీ చూడండి. రీడింగ్ సరిగ్గా రెండింతలో నాలుగింతలో వస్తే అనుమానించవలసింది దీన్నే. ఎన్‌కోడర్ మోటారు వైపు ఉంటే గేర్ నిష్పత్తి కూడా లెక్కలోకి రావాలి.

ఇక అసలు లెక్క. 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న రోలర్, 500 పీపీఆర్ ఎన్‌కోడర్ అనుకుందాం. చుట్టుకొలత 314.16 మి.మీ., కాబట్టి ఒక పల్సుకు 0.62832 మి.మీ. చాలా కౌంటర్లలో డిస్‌ప్లే మీది చుక్క చూపు కోసమే. లోపల నడిచేది పూర్ణాంకం. మీటర్లు రెండు దశాంశాలతో కావాలంటే చివరి అంకె విలువ సెంటీమీటరు, ఫ్యాక్టర్ 0.062832. కౌంటర్ నాలుగు దశాంశాలే తీసుకునేదైతే 0.0628 దగ్గర ఆగాలి. తేడా 0.05 శాతం, వెయ్యి మీటర్లకు అర మీటరు. మూడు దశాంశాలతో చూపిస్తే ఫ్యాక్టర్ 0.6283 అవుతుంది, వెయ్యి మీటర్లకు తప్పు మూడు సెంటీమీటర్లకు దిగుతుంది. కాకపోతే ఆరంకెల డిస్‌ప్లే 999.999 దాటగానే సున్నాకి తిరిగిపోతుంది. నడిచే రోల్ ఎంత పొడవో తెలిశాకే దశాంశాలు నిర్ణయించండి. ఫ్యాక్టర్ ఒకటి దాటితే ఒక్కో పల్సుకు అంకెలు దూకుతాయి, అప్పుడు ప్రీసెట్‌కు సరిగ్గా అంకె తగలదు. ఒకటికి లోపలే ఉంచడం మేలు.

మీటర్ (అంటే ఈ కౌంటరే) పల్సులను ఫ్యాక్టర్‌తో గుణిస్తుందా భాగిస్తుందా అన్నది మాన్యువల్‌లో చూడకుండా అంకె వేయకండి. లీటరుకు 450 పల్సులిచ్చే ఫ్లో మీటర్‌కు, భాగించే మీటర్‌లో నేరుగా 450 వేస్తాం. గుణించేదాంట్లో వేయాల్సింది 1/450. నాలుగు దశాంశాలే తీసుకునేదాంట్లో లీటర్లలోనే చూపితే 0.0022గా కత్తిరించుకుపోయి ఒక శాతం పోతుంది. రెండు దశాంశాలతో చూపితే 0.2222 వేయొచ్చు, తప్పు దాదాపు మిగలదు.

వేగం చూపే రేట్ మీటర్‌లో టైమ్‌బేస్ (సెకనుకా నిమిషానికా అన్నది) కూడా చేరుతుంది. ఆర్‌పీఎం అంటే హెర్ట్జ్‌ని (సెకనుకు వచ్చే పల్సుల్ని) 60తో గుణించి, చుట్టుకు ఎన్ని పల్సులో ఆ సంఖ్యతో భాగించడం. పై రోలర్‌కే నిమిషానికి మీటర్లలో వేగం కావాలంటే హెర్ట్జ్‌ని 0.0377తో గుణించాలి. చుట్టుకు ఒక్క పల్సే ఇచ్చే సెన్సార్ 12 ఆర్‌పీఎం దగ్గర ఐదు సెకన్లకొకటి ఇస్తుంది. జీరో టైమ్ (పల్సు రాకపోతే సున్నా చూపే ముందు మీటర్ ఆగే వ్యవధి) రెండు సెకన్లుంటే యంత్రం తిరుగుతూనే ఉన్నా మీటర్ మధ్యమధ్యలో సున్నా చూపిస్తుంది. అప్పుడు మార్చాల్సింది జీరో టైమ్‌ని, ఫ్యాక్టర్‌ని కాదు.

కాగితం మీద లెక్క ఎంత సరిగ్గా ఉన్నా నడిపి చూడకుండా వదలకండి. 0.8 మి.మీ. షీటు రోలర్‌ను చుట్టుకుని వెళ్తే, లెక్కకొచ్చే వ్యాసం రోలర్‌ది కాదు, సుమారు 100.8 మి.మీ. పై 0.6283 ఫ్యాక్టర్‌తో 50 మీటర్లు నడిపితే 49.602 కనిపిస్తుంది. కొత్త ఫ్యాక్టర్ = పాతది × అసలు పొడవు ÷ చూపిన పొడవు, అంటే 0.6333. భాగించే మీటర్‌లో ఇదే నిష్పత్తిని తిరగేయాలి. ఇక్కడ తడబడితే తప్పు రెట్టింపవుతుంది. ఇదే పరీక్షను మళ్లీ మళ్లీ, పని జరిగే వేగంలో, పని జరిగే టెన్షన్‌తో చేయండి. రోలర్ అరిగి వ్యాసం ఒక మిల్లీమీటరు తగ్గినా ఒక శాతం తేడా వస్తుంది, కాబట్టి రోలర్ మార్చినప్పుడల్లా ఈ పరీక్ష తప్పదు.

అంకె మార్చేటప్పుడు లైన్ ఆగి ఉండాలి, కౌంటర్ రిలే నడిపే కట్టర్, వాల్వ్ వేరుచేసి ఉండాలి. ప్రోగ్రామ్‌లోకి వెళ్లినప్పుడో బయటికి వచ్చినప్పుడో అవుట్‌పుట్ మారే మోడళ్లున్నాయి, కట్టర్ దగ్గర మనిషి చేయి ఉంటే ఆ క్షణం చాలు. పాత ఫ్యాక్టర్, పాత టోటల్ రాసిపెట్టుకోండి: కొన్ని కౌంటర్లు కొత్త ఫ్యాక్టర్‌తో పాత టోటల్‌నే తిరగ లెక్కిస్తాయి. దశాంశ స్థానం మారితే ప్రీసెట్లు, అలారం హద్దులు అన్నీ పదింతలు అటోఇటో అవుతాయి, వాటిని ఒక్కొక్కటే చూసి సరిచేశాకే లైన్ మళ్లీ మొదలుపెట్టండి.