చిన్న హారర్ గేమును ఆడి, దాని మంచిచెడ్డలు తేల్చడం ఎలా?

ఒకరో ఇద్దరో కూర్చుని తయారుచేసిన హారర్ గేమ్ చాలాసార్లు ఒకటి రెండు గంటల్లోనే ముగుస్తుంది కనుక, దానిని పెద్ద సంస్థల గేముల పక్కన పెట్టి తూచడం న్యాయం కాదు. తాను ఎంచుకున్న ఒక్క భయాన్ని చివరిదాకా నిలబెట్టిందా లేదా అన్నదే చూడాలి. ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి వంటి ఊళ్లలో పాత ల్యాప్‌టాప్‌తో నెట్టుకొచ్చేవారికి ఇవే అనువైనవి, ఎందుకంటే వీటిలో చాలావాటికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు.

మొదట గేమును ఎంచుకోండి. 2013లో మొదలైన ఇచ్ డాట్ ఐఓ సైటులో ఎన్నో గేములు ఉచితంగానో, మనకు తోచినంత ధరకో దొరుకుతాయి. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొంటే 14 రోజుల లోపు, ఆట 2 గంటలు దాటకముందే డబ్బు వాపసు అడగవచ్చు. అయితే గంటన్నర గేమును పూర్తిగా ఆడి, ఆనందించి, ఆపైన వాపసు అడగడం తయారుచేసినవారి కష్టాన్ని దోచుకోవడమే అవుతుంది. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

తరువాత, రాత్రి భోజనాలయ్యాక లైటు ఆర్పి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకే విడతలో ఆడండి. ఇతరులు ఆడిన వీడియోలు ముందుగా చూడకండి. బ్యాటరీ నిండుగా ఉందో లేదో చూసుకోండి. రాయగడలో ఒక వానాకాలపు రాత్రి కరెంటు పోయి, బ్యాటరీ పాడైన నా ల్యాప్‌టాప్ ఆగిపోవడంతో, సేవ్ సదుపాయం లేని ఒక గేమును మళ్లీ మొదటినుంచి ఆడవలసి వచ్చింది. తలుపు వెనుకనుంచి మొహం దూసుకొచ్చే చోట రెండోసారి నాకు ఏమీ అనిపించలేదు. కానీ ఖాళీ వంటగదిలో కుళాయి చుక్కలు పడుతూ పడుతూ ఉన్నట్టుండి ఆగిపోయే చోట మాత్రం అరచేతులు మళ్లీ చెమర్చాయి. ఉలికిపాటు వేరు, గుబులు వేరు అని నాకు ఆ రాత్రే తెలిసింది. అందుకే పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఉలిక్కిపడిన చోట్లను ఒకవైపు, గుబులు పుట్టిన చోట్లను మరోవైపు రాసుకోండి. వీలైతే కొన్నాళ్ల తరువాత మళ్లీ ఆడి సరిచూడండి.

ఇక అసలు పరిశీలన: ఆట నియమానికీ భయానికీ ముడి ఉందా? 2012లో వచ్చిన స్లెండర్ అనే గేములో అడవిలో ఎనిమిది కాగితాలు ఏరాలి. కాగితాలు చేతికి వచ్చేకొద్దీ వెంటాడేవాడి ఉధృతి పెరుగుతుంది, అంటే గెలుపుకు దగ్గరవడమే ప్రమాదానికి దగ్గరవడం. 2022లో వచ్చిన ఐరన్ లంగ్ అనే గేములో బయటికి చూసే దారి లేని చిన్న జలాంతర్గామిలో మనం ఉంటాం. పటం, అంకెలు చూస్తూ నడిపి, మీట నొక్కి ఫోటో తీస్తే తప్ప ఎదుట ఏముందో తెలియదు, కనుక ఒక ఫోటోకూ మరో ఫోటోకూ మధ్య భయమంతా మన ఊహే సమకూరుస్తుంది. మీరు ఆడిన గేములో అలాంటి ముడి కనిపిస్తే బొమ్మలు మొరటుగా ఉన్నా మంచి మార్కులే ఇవ్వండి.

చివరగా సమీక్ష రాసేటప్పుడు ఎంతసేపు పట్టిందో, ఏ కంప్యూటరు మీద ఆడారో చెప్పండి. మెరిసే వెలుగులు, రక్తపాతం, పిల్లలకు తగని ఘట్టాలు ఉంటే ముందే హెచ్చరించండి. ముగింపును బయటపెట్టకండి. ఆట ఎక్కడైనా బిగుసుకుపోతే దానిని సమీక్షలో ఎత్తిపొడవడం కంటే, ఏ గదిలో ఏ మీట నొక్కినప్పుడు అలా జరిగిందో తయారుచేసినవారికే విడిగా రాయండి.