జఫర్‌ని చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చివరి మొఘల్ పాదుషా, ఉర్దూ కవి బహదూర్ షా జఫర్ అనగానే ఆయన ప్రవాసంలో పోయిన బర్మాలోని రంగూన్, సమాధికి రెండు గజాల నేల కూడా దక్కలేదన్న గజల్ గుర్తొస్తాయి. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. అది ఆయనదేనా అని పండితులకే అనుమానం, పైగా దాంతో మొదలుపెడితే ఆయన జాలిపడాల్సిన ముసలాయనగా మిగిలిపోతారు.

ముందు తేదీలు రాసుకోండి. పుట్టింది 1775. గద్దె ఎక్కింది 1837లో, అప్పటికే అరవై దాటాయి. సిపాయిల తిరుగుబాటు ఢిల్లీలో ఓడిపోయాక 1857 సెప్టెంబర్‌లో హుమాయూన్ సమాధి దగ్గర ఇంగ్లీషువాళ్లకి లొంగిపోయారు, ఆ వెంటనే ఇద్దరు కొడుకుల్నీ ఒక మనవణ్ణీ ఇంగ్లీషు అధికారి హాడ్సన్ కాల్చి చంపాడు. 1858లో ఎర్రకోటలో విచారణ, ఆ ఏడాది చివర్లో ఓడలో రంగూన్‌కి ప్రవాసం. 1862 నవంబర్ 7న మరణం.

ఇప్పుడు 1837కీ 1857కీ మధ్య ఉన్న ఇరవై ఏళ్ల దగ్గర ఆగండి, తొందరపడకండి, అసలు చదవాల్సింది ఇక్కడే. పేరుకి పాదుషా, బతుకు ఈస్టిండియా కంపెనీ ఇచ్చే పింఛను మీద, కోట దాటితే మాట చెల్లదు, తన తర్వాత కొడుకులకి ఆ బిరుదు కూడా ఉండనివ్వరని తెలుసు. ఉర్దూ కవి జౌఖ్ దగ్గర, జౌఖ్ పోయాక మరో కవి గాలిబ్ దగ్గర ఈ రోజుల్లో కవిత్వం దిద్దించుకున్నారు. ఆయన కవిత్వంలో చాలా భాగం 1857కి ముందుదే. కాబట్టి దిగులుగా ఉన్న ప్రతి షేర్‌నీ (గజల్‌లోని రెండు పాదాల పద్యాన్ని) ప్రవాసానికి అంటగట్టకండి. ఏదీ నిలవదన్న ఎరుక ఓడిపోయాక వచ్చింది కాదు, సింహాసనం మీద ఉండగానే ఉంది. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

ఆ ఎరుక సూఫీ దారిది. ఆయనకి మురీదులు, అంటే సూఫీ శిష్యులు కూడా ఉండేవారు. మన వైజాగ్‌లో హార్బర్ పక్కన దర్గా కొండ ఎక్కి కాసేపు కూర్చోండి, అన్ని మతాలవాళ్లూ వచ్చి మొక్కుకునే చోటు, పుస్తకం చెప్పలేనిది కొంత అక్కడ తెలుస్తుంది. రంగూన్‌లో గుర్తు తెలియకుండా పూడ్చిన ఆయన సమాధి 1991లో తవ్వకాల్లో బయటపడింది, అదీ ఇప్పుడు దర్గాయే.

ఉర్దూ రాకపోయినా టెన్షన్ వద్దు. వచ్చినవాళ్లని పట్టుకుని రోజుకి ఒక్క షేర్ పైకి చదివించుకోండి, అర్థం తర్వాత అడగండి. ఇది అయ్యాక థీబా జీవితం చదవండి: 1885లో ఇంగ్లీషువాళ్లు ఆ బర్మా రాజుని గద్దె దించి మన దేశంలోని రత్నగిరికి పంపారు, వైజాగ్‌లో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడిన బర్మా క్యాంపులో పెద్దవాళ్లెవరైనా తెలిసుంటే వాళ్లనీ అడగండి.