ఫ్లాట్ రెనొవేషన్‌కి ముందు లెక్క తేల్చుకోండి

టైల్స్ షాపుకి వెళ్లే ముందు అసోసియేషన్ రూల్స్ తెచ్చుకుని చదవండి, ఎందుకంటే పని వేళలు, సామాన్లకి లిఫ్ట్ వాడే టైమ్, డిపాజిట్, చెత్త తీయించే ఖర్చు అన్నీ అక్కడే తేలతాయి, కొటేషన్‌లో ఇవి చాలాసార్లు ఉండవు. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకోండి. మెటీరియల్, కూలీ విడివిడిగా రాయించండి.

బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్‌లో మాత్రం అస్సలు పొదుపు చేయొద్దు. టైల్స్ వేయకముందే డ్రెయిన్ మూసేసి, నేల మీద నీళ్లు నింపి 24 గంటలు వదిలేసి, కింది ఫ్లాట్ సీలింగ్‌కి చెమ్మ వచ్చిందేమో మీరే వెళ్లి చూడండి, లేకపోతే వాళ్ల రిపేరు కూడా మీ నెత్తిన పడొచ్చు.

టైల్స్ 10 శాతం ఎక్కువే కొనండి, తర్వాత అదే షేడ్ దొరకడం కష్టం. మొత్తం బడ్జెట్‌లో 15 శాతం ముట్టుకోకుండా పక్కన పెట్టండి, పాత బిల్డింగ్ అయితే 20. గోడ పగలగొట్టాక తుప్పు పట్టిన పైపు బయటపడితే అప్పుడు టెన్షన్ ఉండదు.