తొట్టిలో ఉన్నది ఏ అజొల్లా? పేర్ల చిక్కులు, పరిష్కారాలు

సిల్పాలిన్ అనే ప్లాస్టిక్ షీటు పరిచి, పేడ నీళ్లు కలిపి, గుప్పెడు అజొల్లా (నీటి మీద తేలే చిన్న ఫెర్న్ మొక్క, పశువుల దాణా) వేస్తే కొద్ది రోజుల్లోనే తొట్టి పచ్చగా నిండిపోతుంది. పాడి రైతులకు ఇది తెలిసిన పనే. అది ఏ అజొల్లా అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. పేరుదేముంది, పశువు తింటోంది కదా అని వదిలేయడం నాకు నచ్చదు. ఒక జాతి ఎండకు తట్టుకుంటుంది, ఇంకొకటి చలికి తట్టుకుంటుంది. పేరు తప్పయితే పక్క ఊరి రైతు ఇచ్చిన సలహా కూడా మన తొట్టికి పనికిరాదు.

సమస్య: పిన్నేటా అని తెచ్చుకున్నది పిన్నేటాలా లేదు

మన చెరువుల్లో, వరిమళ్లలో సహజంగా పెరిగేది అజొల్లా పిన్నేటా. దాణా కోసం పంచుతున్న వాటిలో అమెరికా ఖండాల నుంచి వచ్చిన రకాలు కూడా చాలా ఉన్నాయి. మొక్క చేతులు మారుతూ వస్తుంది, అసలు పేరు మధ్యలోనే జారిపోతుంది. ఆ తర్వాత ఎవరికి తెలిసిన పేరు వాళ్లు పెట్టేస్తారు. నేను ఒకసారి తెచ్చుకున్న సంచి మీద కూడా పిన్నేటా అనే రాసి ఉంది. వేళ్లు చూశాక కాదని తేలింది.

పరిష్కారానికి తెల్ల పళ్లెం, నీళ్లు, భూతద్దం చాలు. తొట్టిలో ఒత్తుగా పేరుకున్న చోట నుంచి కాకుండా, విడిగా తేలుతున్న మొక్కను తీసుకోండి. ఇరుకులో పెరిగితే ఏ జాతి అయినా ఆకారం మార్చుకుంటుంది. పిన్నేటా పైనుంచి చూస్తే త్రిభుజంలా ఉంటుంది. నడిమి కాడకు రెండు వైపులా కొమ్మలు ఈకలా అమరి, కొస వైపు చిన్నవవుతూ పోతాయి. వేళ్ల మీద సన్నటి పక్క వేళ్లు వచ్చి, నీళ్లలో కుచ్చులా కనిపిస్తాయి. అమెరికా రకాల వేళ్లు నున్నగా ఉంటాయి, కొమ్మలు ఆ త్రిభుజం వరసలో ఉండవు.

సమస్య: ఒకే మొక్కను ఒకరు మైక్రోఫిల్లా అంటారు, ఒకరు కరోలినియానా, ఇంకొకరు మెక్సికానా

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే. ఇక్కడ తప్పు రైతుది కాదు, పంచినవాళ్లది కూడా కాదు.

అజొల్లా జాతులను తేల్చి చెప్పే గుర్తులు వాటి సిద్ధబీజాల్లో (స్పోర్లలో) ఉన్నాయి. పెద్ద సిద్ధబీజానికి తేలడానికి తిత్తుల్లాంటివి ఉంటాయి. పిన్నేటాకు అవి 9, అమెరికా జాతులకు 3. చిన్న సిద్ధబీజాల ముద్ద మీద అమెరికా జాతులకు లంగరు ఆకారంలో కొక్కేలు ఉంటాయి, పిన్నేటాకు ఆ లంగర్లు ఉండవు. ఇంత స్పష్టమైన గుర్తులుండి కూడా ఎందుకు గొడవ అంటే, అజొల్లా మనం అడిగినప్పుడు సిద్ధబీజాలు ఇవ్వదు. ముక్కలై విడిపోతూ పెరగడమే దానికి అలవాటు. అందువల్ల తొలినాటి వృక్షశాస్త్రజ్ఞులు సిద్ధబీజాలు లేని ఎండు నమూనాలకు కూడా పేర్లు పెట్టారు. కరోలినియానా అనే పేరు విల్డెనో 1810లో పెట్టింది. క్రిస్టేటా పేరు కౌల్ఫుస్ 1824లో పెట్టింది.

ప్రతి జాతి పేరూ ఒక నమూనాకు కట్టుబడి ఉంటుంది. దాన్ని టైప్ నమూనా అంటారు. ఎవ్రార్, వాన్ హోవ్ అనే ఇద్దరు పరిశోధకులు పాత నమూనాలను మళ్లీ పరిశీలించి 2004లో ఒక సమీక్ష ప్రచురించారు. కరోలినియానా పేరుకు ఆధారమైన నమూనా నిజానికి అజొల్లా ఫిలిక్యులాయిడిస్ అని అందులో తేల్చారు. అమెరికా ఖండాల్లో ఉన్నవి ఫిలిక్యులాయిడిస్, క్రిస్టేటా అనే రెండే జాతులని, మైక్రోఫిల్లా, మెక్సికానా, కరోలినియానా అని అందరూ పిలుస్తున్న మొక్కలు క్రిస్టేటాలోకే వస్తాయని వాళ్ల నిర్ణయం. అయినా పాత పేర్లు చాలా చోట్ల అలాగే వాడుకలో ఉన్నాయి. అందుకే రెండు కరపత్రాలు రెండు పేర్లు చెబితే ఒకటి అబద్ధం అనుకోకండి.

సిద్ధబీజాలు లేకపోతే ఏం చేయాలి? పై ఆకు తమ్మె (లోబ్) మీద ఉండే చిన్న బొడిపెలను మైక్రోస్కోపులో చూడండి. ఒక్కో బొడిపె ఒకే కణంతో ఉంటే ఫిలిక్యులాయిడిస్ వైపు, రెండు కణాలతో ఉంటే క్రిస్టేటా వైపు. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబులో అడిగితే ఇది కుదిరే పనే.

ఇక రికార్డులో పేరు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. ఎక్కడి నుంచి ఎప్పుడు వచ్చిందో, మొదటి చీటీలో ఏ పేరుందో యథాతథంగా రాయండి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన అజొల్లా సేకరణకు రెండు అక్షరాలు, నాలుగు అంకెల కోడ్ ఇచ్చింది. మీ మొక్కతో అలాంటి కోడ్ వస్తే దాన్ని అస్సలు పోగొట్టుకోవద్దు. పేరు రేపు మారవచ్చు, కోడ్ మారదు.

సమస్య: పచ్చగా వేసింది ఎర్రబడింది, వేరే జాతి కలిసిందా?

దాదాపు ఎప్పుడూ కాదు. భాస్వరం తగ్గినా, ఎండ ఎక్కువైనా, చలి పెరిగినా అజొల్లా ఎరుపెక్కుతుంది. రూబ్రా (ఎర్రనిది అని అర్థం) అని ఒక జాతికే పేరుండటంతో రంగు చూసి పేరు పెట్టేస్తారు. షేడ్ నెట్ కట్టి, కొద్దిగా సూపర్ ఫాస్ఫేట్ వేసి చూడండి. మళ్లీ పచ్చబడితే జాతి మారలేదు. టెన్షన్ అక్కర్లేదు.

సమస్య: పాత పాఠ్యపుస్తకంలో అజొల్లేసి కుటుంబం, కొత్తదాంట్లో సాల్వీనియేసి

రెండూ ఆయా కాలాల్లో సరైనవే. 2016లో వచ్చిన అంతర్జాతీయ ఫెర్న్ వర్గీకరణ అజొల్లాను సాల్వీనియా అనే మరో తేలే ఫెర్న్‌తో కలిపి ఒకే కుటుంబంలో ఉంచింది. పరీక్షకు చదివేవాళ్లు తమ సిలబస్‌లో ఉన్నదే రాయాలి. అజొల్లా ఆకులో ఉండి నత్రజని పట్టే నీలాకుపచ్చ శైవలానికీ ఇలాగే అనబీనా, నాస్టాక్, ట్రైకార్మస్ అని మూడు పేర్లు కనిపిస్తాయి. ఉన్నది మాత్రం ఒకటే.

సమస్య: అజొల్లా అనుకుని తెచ్చింది ఇంకేదో

ఆకులు మూడేసి చొప్పున ఉండి, రెండు తేలుతూ మూడోది వేరులా నీళ్లలో వేలాడుతుంటే అది సాల్వీనియా. దానికి నిజమైన వేళ్లే లేవు. తేలే ఆకు మీది వెంట్రుకల కొసలు గుడ్లు గిలక్కొట్టే తీగ చట్రంలా కలిసి ఉంటే అది సాల్వీనియా మొలెస్టా, కేరళ కుట్టనాడు పొలాలను ముంచెత్తిన కలుపు.

దగ్గరి జాతుల మధ్య పేరు తప్పితే ఎంత నష్టమో దాని కథలోనే ఉంది. మొదట్లో దాన్ని సాల్వీనియా ఆరిక్యులేటా అనుకున్నారు. ఆ జాతి మీద బతికే పురుగులను తెచ్చి వదిలితే ఆశించిన ఫలితం రాలేదు. 1972లో మిచెల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని వేరే జాతిగా వర్ణించారు. 1978లో దాని సొంత చోటు ఆగ్నేయ బ్రెజిల్ అని తెలిసింది. అక్కడి ముక్కుపురుగును 1980లో ఆస్ట్రేలియాలోని మూన్‌డర్రా సరస్సులో వదిలితే, ఏడాది దాటిన కొద్ది కాలానికే కలుపు దాదాపు మాయమైంది. ఆ పురుగు పేరు కూడా అప్పటికి తప్పే. అది కొత్త జాతి అని 1985లో తేలి, సిర్టోబేగస్ సాల్వీనియే అయింది. 1983లో కేరళలోని త్రిస్సూరులో వదిలింది కూడా ఈ పురుగునే.

మీ తొట్టిలో సాల్వీనియా ఒక్క మొక్క కనిపించినా ఏరి, గట్టు మీద పూర్తిగా ఎండబెట్టండి. కాలువలో మాత్రం పారేయకండి. అది సిద్ధబీజాలతో పనిలేకుండా, తెగిన ముక్క నుంచే పెరుగుతుంది.