ప్రథమ చికిత్స నేర్చుకుందాం – 3: చెనక్కాయల కయ్యలో పాము కరిస్తే

పోయిన పాఠంలో దిండు పెట్టుకుని ఛాతీ నొక్కడం సాధన చేశాం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు. మర్చిపోయి ఉంటే ఇంకోసారి చూసుకుని రండి, ఈ పాఠంలోనూ దాంతో పని పడుతుంది.

ఈసారి పాముకాటు. మన చిత్తూరు పల్లెల్లో చెనక్కాయలు పీకేటప్పుడు, మామిడి తోటలో ఎండుటాకుల మీద నడిచేటప్పుడు, రాత్రిపూట కరెంటొచ్చిందని మోటారు కాడికి పరిగెత్తేటప్పుడు దీని భయం ఉండనే ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. వీటిలో ఏది కరిచిందో తేల్చడం మన పని కాదు. ఆస్పత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ ఈ నాలుగింటికీ కలిపి చేసిందే. కాబట్టి పామును వెతికి చంపి సంచిలో వేసుకుని పోనక్కర్లేదు. తెగిన తల కూడా కాసేపు కరవగలదు.

మా మేనమామను రక్తపింజరి కరిచినప్పుడు నాకు పన్నెండేళ్లు. మోకాలి పైన నులకతాడు బిగించి, బ్లేడుతో గాటు పెట్టి, పక్క ఊళ్లో మంత్రం వేసే ఆయన కాడికి తీసుకుపోయారు. అందరూ ప్రేమతోనే చేశారు. రెండు గంటలు అక్కడే పోయాయి. మనిషి దక్కాడు గానీ రెండు కాలివేళ్లు తీసేయాల్సి వచ్చింది.

ఆ తాడు ఏం చేసిందో చూడండి. పింజరి విషం కరిచిన చోట కండను కుళ్లబెడుతుంది. కట్టు బిగిస్తే ఆ విషమంతా అక్కడే మడుగు కడుతుంది, కాలికి నెత్తురు అందదు. కట్టు విప్పగానే అంతా ఒక్కసారిగా పైకి పాకుతుంది. ఇక గాటు సంగతి. పింజరి విషానికి నెత్తురు గడ్డకట్టే గుణం పోతుంది, మనం పెట్టిన గాటు ఎంతకీ ఆగకుండా కారుతూనే ఉంటుంది. ఆస్పత్రిలో గాజు గొట్టంలో కొంచెం నెత్తురు తీసి 20 నిమిషాలు కదలకుండా పెట్టి చూసేది ఇందుకే. గడ్డకట్టకపోతే విషం ఎక్కిందని వాళ్లకు తెలుస్తుంది.

మరి మంత్రంతో బతికినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. విషప్పాము కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించదు. ఆ వట్టికాట్లే మంత్రగాళ్లకు పేరు తెచ్చిపెట్టాయి.

ఇప్పుడు చేతిపని. ఇంట్లో ఒకరిని పడుకోబెట్టండి, రెండు కట్టెలు, నాలుగు తుండుగుడ్డలు తెచ్చుకోండి. కాటు పిక్క మీద పడిందనుకుందాం. మొదట మెట్టెలు, పట్టీలు తీసేయండి. చేతికైతే గాజులు, ఉంగరం. వాపు మొదలయ్యాక అవి రావు. కాలు ఉన్నదున్నట్టే పెట్టి, తొడ నడిమి నుంచి మడమ దాటేదాకా ఇటొక కట్టె, అటొక కట్టె ఆనించండి. కట్టెకూ కాలికీ మధ్య పాత పంచె మడత పెట్టండి. కట్లు తొడ మీద రెండు, మోకాలి కింద ఒకటి, చీలమండ దగ్గర ఒకటి, కాటు మీద మాత్రం వద్దు. ప్రతి ముడి కింద మీ చూపుడువేలు సులువుగా దూరాలి. దూరకపోతే అది మా మామకు కట్టిన తాడే. చివరగా బొటనవేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. దారిలో వాపు పెరిగితే ముడి సడలించండి.

కట్లు కడుతుండగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బండి ఆలస్యమయ్యేట్టుంటే మోటారుసైకిల్ మీద కరిచిన మనిషిని మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఒకరు పట్టుకుని పోవచ్చు. ఒక్క అడుగు కూడా నడిపించొద్దు, కండ కదిలేకొద్దీ విషం పైకి పోతుంది. దగ్గరి ఆస్పత్రికి ముందే ఫోన్ చేసి విరుగుడు మందు ఉందా అని అడగండి. లేదంటే ఆ దారి మానుకుని నేరుగా తిరుపతి రుయాకో, చిత్తూరు పెద్దాసుపత్రికో పోండి. కరిచిన టైము సెల్‌ఫోన్‌లో రాసుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.

కట్లపాము గురించి విడిగా చెప్పాలి. ఇది రాత్రి, కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, కాటు గుర్తు కనిపించకపోవచ్చు. తెల్లారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు. గ్యాస్ అనుకుని సోడా తాగించారా, కొంప మునిగినట్టే. రెప్పలు వాలడం చూశారంటే ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయకండి. ఊపిరి ఆగితే పోయిన పాఠం మొదలుపెట్టి, బండి వచ్చేదాకా ఆపకండి.

వచ్చే పాఠంలోపు ఆ కట్టు మూడుసార్లు కట్టి చూడండి, మూడోసారి లైటు ఆర్పి సెల్‌ఫోన్ వెలుతురులో. కయ్య గట్టు మీద మనకుండేది ఆ వెలుతురే.