కారులో యూరప్ తిరగబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

అద్దె కారు ఏయే దేశాల్లోకి వెళ్లొచ్చో ఒప్పందంలోనే రాయించుకోండి. అనుమతి లేని దేశంలో గుద్దితే ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు, ఖర్చంతా మీ నెత్తినే.

షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే ఒకే వీసా) సింగిల్ ఎంట్రీ, అంటే ఒక్కసారే లోపలికి రానిచ్చేది అయితే, క్రొయేషియా నుంచి షెంగెన్‌లో లేని బోస్నియాలోకి తొంగి చూడొద్దు, తిరిగి రానివ్వరు. క్రొయేషియాలోనే ఉన్న డుబ్రోవ్నిక్‌కి 2022లో తెరిచిన పెల్యేషాట్స్ వంతెన మీదుగా వెళ్తే బోస్నియా తగలదు.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ బయల్దేరే ముందే ఆర్టీవో ఆఫీసులో తీసుకోండి.

స్విస్ హైవే ఎక్కాలంటే 40 ఫ్రాంకుల విన్యెట్ (హైవే టోల్ పాస్) ఉండాలి. ఒక్క రోజుకైనా ఏడాదిదే! ఆస్ట్రియాలో నయం, 10 రోజులది దొరుకుతుంది.

ఇటలీలో పాత ఊరి వీధి మొదట్లో తెల్లటి గుండ్రం, చుట్టూ ఎర్ర గీత ఉన్న బోర్డు కనిపిస్తే ఆగండి. అది జెడ్‌టీఎల్, అంటే అనుమతి ఉన్న బండ్లు మాత్రమే వెళ్లాల్సిన ప్రాంతం. ఆపేవాళ్లుండరు, కెమెరా ఉంటుంది. మీరు మర్చిపోయాక జరిమానా వస్తుంది.