తుహ్‌ఫతుల్ అత్‌ఫాల్ పద్యంతో తజ్వీద్ నేర్పే పద్ధతి

ఖుర్ఆన్ పఠన నియమాలను (తజ్వీద్) కంఠస్థం చేయించడానికి మొదటి మెట్టుగా ఎక్కువమంది ఉస్తాదులు ఎంచుకునేది తుహ్‌ఫతుల్ అత్‌ఫాల్. ఈజిప్టుకు చెందిన సులైమాన్ అల్ జమ్‌జూరీ రహిమహుల్లాహ్ దీన్ని హిజ్రీ 1198లో రాశారు. మొత్తం 61 బైతులు (రెండేసి సగాలున్న పద్య పంక్తులు). ఈ లెక్కను ఆయన పద్యం చివరి భాగంలోనే దాచిపెట్టారు. ప్రతి అరబీ అక్షరానికీ ఒక అంకె విలువ ఇచ్చే అబ్జద్ పద్ధతిలో ‘నద్దున్ బదా’ అక్షరాల విలువలు కూడితే 61 వస్తుంది, ‘బుష్‌రా లిమన్ యుత్‌ఖినుహా’ కూడితే 1198. మీ చేతిలో ఉన్న ప్రతిలో బైతులు తగ్గాయేమో చూసుకోవడానికి ఇది పనికొస్తుంది.

పద్యం నియమాన్ని జ్ఞాపకంలో నిలుపుతుంది, అంతవరకే. 61 బైతులూ గుక్క తిప్పుకోకుండా చదివి, ఆ వెంటనే సూరా ఇఖ్లాస్‌లో ‘యకున్ లహూ’ దగ్గర లామ్‌లో కలిసిపోవాల్సిన నూన్‌ను (న్ అక్షరం) విడిగా పలికే విద్యార్థులు చాలామంది ఉంటారు. అందుకే ఏ బైతునూ ఆయత్ (ఖుర్ఆన్ వాక్యం) లేకుండా చెప్పకూడదు, బైతు అప్పజెప్పగానే పాఠం అయిపోయిందనుకోకూడదు. ముస్‌హఫ్ (ఖుర్ఆన్ ప్రతి) చూసి కలిపి చదవడం (నాజిరా) రాని పిల్లలకు అసలు పద్యం మొదలుపెట్టనే వద్దు.

మొదటి 5 బైతులు ఉపోద్ఘాతం: కవి పేరు, హమ్ద్ (దైవస్తుతి), పద్యం పేరు, దుఆ (ప్రార్థన). వాటితో మొదలుపెడితే నియమమన్నదే చెవిన పడకుండా మొదటి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. 6వ బైతు ‘లిన్నూని ఇన్ తస్కున్ వ లిత్తన్వీని’తో మొదలుపెట్టి, నూన్ సాకిన్ (అచ్చు లేని నూన్) అధ్యాయమంతా (6 నుంచి 16 దాకా, 11 బైతులు) పూర్తయ్యాక వెనక్కి వచ్చి ఉపోద్ఘాతం చెప్పించడం మేలు. వరుస తప్పకూడదనే ఉస్తాదులూ ఉన్నారు. అలాగైతే ఆ అయిదింటినీ ఒకేరోజు వినిపించి ముందుకు సాగండి.

రోజుకు 2 కొత్త బైతులు చాలు. వారానికి 5 రోజుల చొప్పున ఏడో వారంలో పద్యం పూర్తవుతుంది. ముందు ఉస్తాద్ బైతును మూడుసార్లు పుస్తకం చూపించకుండా వినిపించాలి. తర్వాత విద్యార్థులు సగం సగంగా, ఆపైన మొత్తంగా అనాలి. నోటికి వచ్చాకే అర్థం, అర్థం తర్వాత ఆయత్. కొత్త బైతులకు ముందు నిన్నటి వాటినీ, అంతకుముందు నేర్చిన ఓ పది బైతులనూ అప్పజెప్పించుకోవాలి. హిఫ్జ్‌లో (ఖుర్ఆన్ కంఠస్థంలో) సబఖ్, సబఖీ, మంజిల్ (కొత్త పాఠం, ఇటీవలి పాఠాలు, పాత పాఠాలు) నడిచే క్రమమే ఇక్కడా నడుస్తుంది.

ఇది రజజ్ ఛందస్సు. ప్రతి బైతులో రెండు సగాలు ఒకదానితో ఒకటి అంత్యప్రాస కలుపుకుంటాయి, తర్వాతి బైతు వేరే ప్రాస అందుకుంటుంది. మన ద్విపదలో రెండు పాదాల జంట నడిచినట్టే అనుకోండి. దీనివల్ల బైతు లోపల తడబాటు ఉండదు. మరిచిపోవడమంతా ఒక బైతు నుంచి మరోదానికి వెళ్లే చోటే జరుగుతుంది, అక్కడ ప్రాస చేయందించదు కాబట్టి. కనుక ప్రతి బైతు చివరి మాటనూ తర్వాతి బైతు మొదటి మాటతో కలిపి విడిగా పది సార్లు అనిపించండి.

అన్నిటికన్నా పెద్ద గుంట 9వ, 12వ బైతుల దగ్గర ఉంది. రెండూ ‘వస్సాని ఇద్గామున్ బి...’ అనే మొదలవుతాయి. 9లో దాని తర్వాత ‘సిత్తతిన్’, 12లో ‘గైరి గున్నహ్’. పిల్లలు 9 నుంచి 12కి దూకి మధ్యలో రెండు బైతులు మింగేస్తారు, లేదా 12 దగ్గర 9లోకి జారి అక్కడక్కడే తిరుగుతారు. అర్థం చెబితే ఇది పోతుంది: 9లో ‘రెండోది’ అంటే నూన్ సాకిన్ నాలుగు నియమాల్లో (ఇజ్‌హార్: స్పష్టంగా పలకడం, ఇద్గామ్: తర్వాతి అక్షరంలో కలిపేయడం, ఇఖ్‌లాబ్: మీమ్‌గా మార్చడం, ఇఖ్‌ఫా: మరుగుపరచి పలకడం) రెండోదైన ఇద్గామ్, 12లో ‘రెండోది’ అంటే ఇద్గామ్‌లోనే రెండో రకం, గున్నా (ముక్కుతో పలికే ధ్వని) లేనిది, లామ్‌కూ రాకూ వర్తించేది.

16వ బైతుకు ఒక రోజంతా ఇవ్వాలి. ‘సిఫ్ జా సనా కమ్ జాద షఖ్‌సున్ ఖద్ సమా, దుమ్ తయ్యిబన్ జిద్ ఫీ తుఖన్ దఅ జాలిమా’. ఇందులో 15 మాటలు. ఒక్కోదాని మొదటి అక్షరం ఒక్కో ఇఖ్‌ఫా అక్షరం. ఇప్పుడు పైన రాసింది మళ్లీ చూడండి. తెలుగు లిపిలో నాలుగు మాటలు జ తోనూ, మూడు స తోనూ, రెండు త తోనూ, రెండు ద తోనూ మొదలవుతున్నాయి. 15 అక్షరాలు తెలుగులోకి వచ్చేసరికి 8 అయ్యాయి. జాల్, జీమ్, జా, జోయ్ అన్నీ ఒకే జ. సీన్, సాద్, సా ఒకే స. తెలుగులో రాసుకుని ఈ బైతు నేర్చినవాళ్లు ఇఖ్‌ఫా అక్షరాలు ఏవో ఎప్పటికీ సరిగా చెప్పలేరు. తెలుగు రాత గుర్తు కోసమే. బైతును అరబీ లిపిలోనే బోర్డు మీద రాసి, ప్రతి మాట మొదటి అక్షరాన్ని వేరే రంగులో దిద్దండి.

ఇక ఆయత్. సూరా ఖురైష్ చివరి ఆయత్ ఒక్కటి చాలు, సగం అధ్యాయం అందులో ఉంది: ‘అల్లజీ అత్అమహుమ్ మిన్ జూఇన్ వ ఆమనహుమ్ మిన్ ఖౌఫ్’. మొదటి ‘మిన్’ తర్వాత జీమ్, కనుక ఇఖ్‌ఫా. ‘జూఇన్’ చివరి తన్వీన్ (పలుకులో వినిపించే న్) తర్వాత వావ్, గున్నాతో ఇద్గామ్. రెండో ‘మిన్’ తర్వాత ఖా (16వ బైతులోని ‘ఖద్’ మొదటి ఖాఫ్ కాదు), అది కంఠాక్షరం, కనుక ఇజ్‌హార్. ఒకే మాట, ఒకే ఆయత్, రెండు రకాల ఉచ్చారణ. విద్యార్థి నూన్ దగ్గర ఆగి, దానికి సంబంధించిన బైతు చెప్పి, మళ్లీ ఆయత్ మొదటి నుంచి చదవాలి. ఇది కుదిరాక బైతు పైకి చెప్పకుండా ఆయత్ మాత్రమే చదివించండి. మిగిలిన రెంటిలో గున్నా లేని ఇద్గామ్‌కు ఇఖ్లాస్‌లోని ‘యకున్ లహూ’, ఇఖ్‌లాబ్‌కు సూరా హుమజాలోని ‘లయుమ్‌బజన్న’ (రాతలో నూన్, పలుకులో మీమ్).

తెలుగు నోటికి ఇఖ్‌ఫా దగ్గర ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మనం ‘అంచు’, ‘అంత’ అన్నప్పుడు సున్న పక్క అక్షరం స్థానంలోకి వెళ్లి అక్కడ నాలుకను పూర్తిగా ఆనిస్తుంది. ‘మిన్ జూఇన్’ను అదే అలవాటుతో ‘మింజూ’ అనేస్తారు. ఇఖ్‌ఫాలో నాలుక కొన పై చిగురుకు ఆనకూడదు. తర్వాతి అక్షరం స్థానం వైపు సిద్ధంగా ఉండాలి, ధ్వని ముక్కులో రెండు హరకాత్‌ల (ఒక హరకత్ అంటే హ్రస్వ అచ్చు పలికేంత సేపు) సేపు నిలవాలి. ఇజ్‌హార్ దగ్గర ఇంకో తప్పు: ‘మిన్ ఖౌఫ్’లో నూన్‌ను స్పష్టంగా పలకాలన్న తాపత్రయంలో ‘మిన్ను ఖౌఫ్’ అని చిన్న అచ్చు తగిలిస్తారు. ఇఖ్‌లాబ్ మాత్రం సులువు, ‘సంబరం’లో సున్న తనంతట తానే మ్ అవుతుంది కదా. అక్కడ గున్నా సేపు పెంచితే సరిపోతుంది.

మీమ్ సాకిన్ అధ్యాయానికి సూరా ఫీల్ తీసుకోండి. ‘తర్‌మీహిమ్ బి హిజారతిన్’లో ఇఖ్‌ఫా, ‘కైదహుమ్ ఫీ తద్లీల్’లో ఇజ్‌హార్. వావ్, ఫా ముందు మీమ్ మరుగున పడకుండా జాగ్రత్తపడమని పద్యం ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. ఫాతిహాలో ‘అలైహిమ్ వలద్దాల్లీన్’ దగ్గర ఆ హెచ్చరిక రోజూ పనికొస్తుంది.

మద్ (అచ్చును సాగదీయడం) అధ్యాయాలు చెప్పేటప్పుడు పద్యంలో లేనిదాన్ని ఉస్తాద్ కలపాలి. ఏ మద్ వాజిబ్ (తప్పనిసరి), ఏది జాయిజ్ (ఐచ్ఛికం), ఏది లాజిమ్ (అనివార్యం) అని పద్యం చెబుతుంది కానీ ఎన్ని హరకాత్‌లు సాగదీయాలో అంకెలు ఇవ్వదు. షాతిబియ్యా గ్రంథ మార్గంలో హఫ్స్ రివాయత్ (పఠన పరంపర) ప్రకారం సహజ మద్ 2, ముత్తసిల్ (‘జాఅ నస్రుల్లాహ్’) 4 లేదా 5, మున్ఫసిల్ (‘ఇన్నా అఅతైనాక’) 4 లేదా 5, లాజిమ్ (‘వలద్దాల్లీన్’) 6. 4 ఎంచుకుంటే ఆ కూర్చున్న పఠనమంతా 4గానే ఉండాలి.

పద్యానికి బాణీ కట్టి పాడించడం మంచిదే, త్వరగా పడుతుంది. అయితే ఆ బాణీ ఖుర్ఆన్ పఠనంలోకి పాకకుండా చూడాలి. లయ కోసం మద్‌లు కుంచించుకుపోవడం, గున్నాలు తెగిపోవడం దీని లక్షణాలు. కనిపిస్తే ఒక వారం పద్యాన్ని బాణీ లేకుండా మామూలు మాటలా చెప్పించండి.

పరీక్ష పెట్టేటప్పుడు ‘12వ బైతు చెప్పు’ అని అడగకండి. మునుపు సాధన చేయని పేజీ తెరిచి, ఒక నూన్ మీద వేలు పెట్టి బైతు అడగండి. మదీనా ముద్రణ ముస్‌హఫ్‌లో ఇజ్‌హార్ నూన్ మీదే సుకూన్ (అచ్చు లేదనే) గుర్తు ఉంటుంది, ఇఖ్‌లాబ్‌కు చిన్న మీమ్ ఉంటుంది. పిల్లలు వాటిని చూసి బైతు ఊహించేస్తారు. కంఠస్థంగా వచ్చిన సూరాలో నోటితోనే అడిగితే ఆ ఆసరా ఉండదు.

ఇబ్నుల్ జజరీ (మరణం హిజ్రీ 833) రాసిన ముఖద్దిమా అనే తజ్వీద్ పద్యం తర్వాతి మెట్టు. 107 బైతులు, 17 మఖారిజ్‌లు (అక్షరాలు పలికే స్థానాలు), సిఫాత్‌లు (అక్షర లక్షణాలు), వఖ్ఫ్ (ఆగే నియమాలు) అందులో ఉంటాయి. తజ్వీద్‌కూ దాన్ని వదిలేయడానికీ మధ్య ఉన్న తేడా దవడతో చేసే సాధన మాత్రమేనని ఆయన అందులోనే అన్నారు. తుహ్‌ఫా సగంలో ఉండగా దాన్ని అందుకోకండి. రెండూ రజజే కావడంతో బైతులు కలగాపులగమవుతాయి. జుజ్ అమ్మలో (ఖుర్ఆన్ చివరి భాగం) ఏ పేజీ తీసినా నూన్, మీమ్, మద్ నియమాలను బైతులతో సహా తడుముకోకుండా చెప్పి చదవగలిగాకే ముఖద్దిమా మొదలుపెట్టండి.